మీ లెన్స్ ఎక్కడ సాఫ్ట్ అవుతుంది?

మా మాస్టారి కెమెరా సంచి మూత తెరిస్తే లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉండేది. ఏళ్ల తరబడి చెమటకీ చినుకులకీ తడిసి పసుపెక్కిన కాగితం. దాని మీద బాల్‌పెన్నుతో మూడు వాక్యాలు. "300 దగ్గర ఎఫ్ 8. మూలల్లో ముఖం పెట్టకు. ఎండలో తెల్లబట్ట అంచు చూసుకో." ఆయనకున్నది 70–300 మిల్లీమీటర్ల మామూలు జూమ్ లెన్స్. దానికి నాలుగింతల ఖరీదు చేసే లెన్సులున్న స్టూడియోలు ఆ ఊళ్లోనే ఉండేవి. అయినా ముహూర్తాల సీజన్ వస్తే జనం ముందు మాస్టారి డేట్లే అడిగేవాళ్లు.

ఆయన దగ్గర చేరిన కొత్తలో ఒక మాంగల్యధారణ ఫొటో నా చేతిలో పాడైంది. బంధువుల వెనక నిలబడి, జూమ్‌ను 300 దాకా లాగి, అపెర్చర్ పూర్తిగా తెరిచి కొట్టాను. ఫోకస్ సరిగ్గా పెళ్లికూతురి కంటి మీదే పడింది. అయినా కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా రాలేదు. ముఖం మీద పలుచని పొగ పరిచినట్టుంది. మధుపర్కాల తెలుపు చివర ఊదారంగు గీత. వెనకాల సీరియల్ లైట్లు మెత్తగా కరగాల్సింది పోయి, ఒక్కొక్క బల్బూ గట్టి అంచున్న ఉంగరంలా నిలబడింది. చెయ్యి వణికిందేమోనని కుమిలిపోయాను. మాస్టారు తిట్టలేదు. "అబ్బాయ్, లెన్స్ చేసే తప్పు లెన్స్ చేసింది. అది అక్కడ చేస్తుందని ముందే తెలుసుకోకపోవడం ఒక్కటే నీ తప్పు" అని సంచి మూత తెరిచి ఆ కాగితం చూపించారు.

వ్యక్తిత్వ వికాసం గురించి నేను చదివినవాటన్నిటికంటే ఆ కాగితం నాకు ఎక్కువ పనికొచ్చింది. మన లోపాల సంగతి మనకు తెలియక కాదు. తెలిసింది మరీ మోటుగా తెలుసు. "నాకు కోపం ఎక్కువ." "నాకు ఏకాగ్రత లేదు." "నేను బద్ధకస్తుణ్ణి." ఈ మాటలు వందసార్లు అనుకున్నా అడుగు ముందుకు పడదు. "ఫొటో బాగా రాలేదు" అన్నంత మాత్రాన ఫొటో బాగుపడుతుందా? ఎక్కడ చెడింది, ఎంత చెడింది, ఏ పరిస్థితిలో చెడింది? ఈ మూడూ తెలిసినప్పుడే చెయ్యి పనిచేస్తుంది.

లెన్సుల చరిత్రలోనూ జరిగింది ఇదే. కాంతి కిరణం చేరాల్సిన చోటికి చేరకుండా దారి తప్పడాన్ని మన భౌతికశాస్త్రం పుస్తకాల్లో విపథనం అంటారు. 1857లో లుడ్విగ్ ఫాన్ జైడెల్ అనే జర్మన్ గణితవేత్త ఈ దారి తప్పడాన్ని ఐదు రకాలుగా విడదీసి లెక్కకట్టాడు. గాజు అంచు గుండా వచ్చిన కిరణాలు, మధ్య గుండా వచ్చిన కిరణాలు ఒకేచోట కలవకపోవడం గోళీయ విపథనం. ఫ్రేమ్ మూలన ఉన్న దీపానికి తోకచుక్కలా తోక రావడం కోమా. నిలువు గీతలూ అడ్డగీతలూ ఒకేసారి షార్ప్‌గా రాకపోవడం ఎస్టిగ్మాటిజం. చదునైన గోడకు ఫోకస్ వంపుగా పడటం నాలుగోది. పందిరి రాటలు జూమ్ ఒక కొసన బయటికి ఉబ్బి, మరో కొసన లోపలికి నొక్కుకున్నట్టు కనిపించే డిస్టార్షన్ ఐదోది. ఇవన్నీ ఒకే రంగు కాంతితో వచ్చే చిక్కులు. రంగులు ఒకదానికొకటి విడిపోయే వర్ణ విపథనం వీటికి అదనం. అన్నిటినీ కలిపి "మసక" అని ఒక్క మాటతో సరిపెడితే ఏదీ దిద్దలేం. విడివిడిగా పేరు పెట్టి, విడివిడిగా కొలిస్తే ఒక్కోదానికీ ఒక్కో మందు దొరుకుతుంది.

ఈ మందులు వేరువేరు అన్న సంగతే అసలు కీలకం. గోళీయ విపథనం వల్ల వచ్చే మసక అపెర్చర్ వెడల్పుకు ఘనంగా పెరుగుతుంది. అంటే ఎఫ్ 5.6 నుంచి ఎఫ్ 8కి అపెర్చర్‌ను ఒక్క స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది గానీ, ఆ మసక దాదాపు మూడోవంతుకు పడిపోతుంది. మాస్టారి కాగితంలో మొదటి వాక్యం వెనకున్న లెక్క అదే. మనలోనూ ఇలాంటి లోపాలున్నాయి. ఒక్క మెట్టు వెనక్కి తగ్గితే చాలు, సగానికి సగం కంటే ఎక్కువ తగ్గిపోతాయి. కోపంగా టైప్ చేసిన జవాబును పంపకుండా పది నిమిషాలు ఆపండి. సమావేశంలో మొదట మాట్లాడకుండా మూడో మాట మీది అయ్యేలా చూసుకోండి. కాస్త వెలుగు పోతుంది, ఒప్పుకుంటాను. చురుకైనవాడన్న పేరు ఒక పిసరు తగ్గవచ్చు. ముఖం మాత్రం షార్ప్‌గా వస్తుంది.

డిస్టార్షన్ అలా కాదు. ఎఫ్ 5.6లో రాట ఎంత వంగిందో ఎఫ్ 16లోనూ అంతే వంగుతుంది. ఎంత బిగపట్టుకున్నా తగ్గదు. కానీ దానిలో ఒక మంచి గుణం ఉంది: ఎప్పుడూ ఒకే లెక్కన వంగుతుంది. కాబట్టి తర్వాత కంప్యూటర్లో ఒక్క నొక్కుతో సరిచేయవచ్చు. ఫ్రేమ్ అంచుల్లో కనిపించే రంగు చారలూ ఈ జాతివే. నాలుగు రోజుల్లో ముగిస్తానని చెప్పి ప్రతిసారీ ఆరు రోజులు తీసుకునే మనిషిని చూడండి. "ఈసారి గట్టిగా ప్రయత్నిస్తాను" అని అతను ఎన్ని ఒట్లు పెట్టుకున్నా ఆరే అవుతుంది. అతను చేయాల్సింది తనను తాను హింసించుకోవడం కాదు. తన అంచనాకు సగం కలిపి చెప్పడం. నాలుగు అనిపిస్తే ఆరు అనండి. మాట నిలబడుతుంది.

వెనక్కి తగ్గడానికీ ఒక హద్దుంది. ఎఫ్ 8 మంచిది కదా అని ఎఫ్ 22 దాకా మూసేస్తే, సన్నని రంధ్రం గుండా వెళ్లే కాంతి తనంతట తానే విచ్చుకుంటుంది. ఒక్క చుక్క దాదాపు 30 మైక్రాన్ల మరక అవుతుంది. 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ కెమెరాలో అది ఏడెనిమిది పిక్సెళ్ల వెడల్పు. ఫొటో మొత్తం మళ్లీ సాఫ్ట్. తప్పు దొర్లుతుందేమోనన్న భయంతో నోరే మెదపని మనిషిని ఎదుటివాళ్లు ఎలా అర్థం చేసుకోగలరు?

ఇక బ్యాక్‌గ్రౌండ్ దగ్గరికి వద్దాం. ఇక్కడ నాకు తెలిసింది కాస్త వివరంగా చెప్పాలి.

ఫోకస్ తప్పిన చోట మసక ఎంత ఉందన్నది ఒక లెక్క. ఆ మసక ఎలాంటిదన్నది మరో లెక్క. ఈ రెండోదానికి జపాన్ వాళ్లు వాడే మాట బొకే. 1990ల చివర్లో ఒక అమెరికన్ ఫొటోగ్రఫీ పత్రిక వ్యాసాలతో ఆ మాట ప్రపంచమంతా పాకింది. ఇందులో మనల్ని ఆలోచింపజేసే విషయం ఏమిటంటే, మెత్తని బొకే చాలావరకు దిద్దకుండా మిగిల్చిన లోపం నుంచే వస్తుంది. గోళీయ విపథనాన్ని కొంచెం మిగిలిస్తే వెనకాల దీపం నడుమ ప్రకాశంగా, అంచున మెల్లగా కరిగిపోయేలా వస్తుంది. పూర్తిగా దిద్దితే దీపం సమంగా నిండిన బిళ్లలా, కత్తిరించినట్టున్న అంచుతో వస్తుంది. అంతటితో ఆగక అటువైపుకు మితిమీరి దిద్దితే ఆ అంచు మరింత మెరిసి ఉంగరమవుతుంది. నా మాంగల్యధారణ ఫొటోలో సీరియల్ లైట్లకు పట్టింది అదే. తమను తాము మరీ గట్టిగా దిద్దుకున్న మనుషులను నేను చూశాను. ఒక్క నిమిషం ఆలస్యాన్ని సహించరు, ఒక్క అక్షరం తప్పు పోనివ్వరు. పని అద్దంలా ఉంటుంది. వాళ్ల చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం ఒరుసుకుపోతూ బతుకుతుంటారు. మీ ఇంట్లో పిల్లలు మీ ముందు బిగుసుకుపోతున్నారా? అయితే మీరు దిద్దుకోవాల్సిన లోపం ఇంకొకటి మిగల్లేదు. దిద్దుకోవడం కాస్త సడలించాలి, అంతే.

ఇంకో ముడి ఉంది. వెనక మసకను మెత్తబరిచే గోళీయ విపథనం, ముందున్న మసకను గరుకు చేస్తుంది. అటు మెత్తనైతే ఇటు గరుకు. నికాన్ కంపెనీ 1990లో తెచ్చిన 135 మిల్లీమీటర్ల డీసీ లెన్సులో దీనికోసం ప్రత్యేకంగా ఒక రింగు పెట్టారు. ముందు మెత్తబడాలా, వెనక మెత్తబడాలా అన్నది ఫొటో తీసేవాడే ఎంచుకోవాలి. రెండువైపులా మెత్తగా కావాలంటే? 1999లో మినోల్టా ఆ పని చేసి చూపించింది. మధ్యలో తేటగా, అంచుకు పోయేకొద్దీ నల్లబడే ఒక గాజును 135 మిల్లీమీటర్ల లెన్స్ లోపల అమర్చింది. దీపాలు ముందూ వెనకా మబ్బు తునకల్లా కరిగాయి. అందుకు చెల్లించిన ధర వెలుగు. ఎఫ్ 2.8 తెరుచుకున్న లెన్స్‌లోంచి వచ్చేది 4.5కు సరిపడా కాంతే. సగానికి పైగా లోపలే ఆగిపోయింది. అమ్మానాన్నల దగ్గరా, ఆఫీసులోనూ, స్నేహితుల్లోనూ అందరికీ మెత్తగా ఉండాలని చూసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అది అసాధ్యమని నేననను. మీ వెలుగులో సగం దానికే ఖర్చవుతుంది. ఆ ఖర్చు తెలిసి పెట్టండి.

ఏకాగ్రత గురించి అడిగేవాళ్లకు నేను ఒక చిన్న లెక్క చెబుతుంటాను. బ్యాక్‌గ్రౌండ్ కరగాలంటే ఖరీదైన లెన్స్ కావాలని చాలామంది నమ్మకం. 300 మిల్లీమీటర్లు, ఎఫ్ 5.6 అంటే లెన్స్ తెరుచుకునే వెడల్పు సుమారు 54 మిల్లీమీటర్లు. పెళ్లికూతురు మీకు ఆరు మీటర్ల దూరంలో ఉందనుకోండి. ఆమెకు అర మీటరు వెనక బల్బు ఉంటే, ఆమె ముఖం పక్కన ఆ బల్బు నాలుగు మిల్లీమీటర్ల వస్తువంత మాత్రమే విచ్చుకుంటుంది. ఆరు మీటర్లు వెనక ఉంటే 27 మిల్లీమీటర్లు. ముప్ఫై మీటర్లు వెనక ఉంటే 45. అదే లెన్స్, అదే అపెర్చర్. మారింది దూరం ఒక్కటే. మీరు మూడు మీటర్లు దగ్గరికి జరిగితే ఆ 27 కాస్తా 36 అవుతుంది.

నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల ఫొటోలు తీస్తూ ఇది ఒంటబట్టించుకున్నాను. గూటిలో కూర్చున్న పక్షికి అంగుళాల దూరంలో ఎండుపుల్లలుంటాయి. ఏ లెన్సూ వాటిని కరిగించలేదు. ఒక్కో పుల్లా జంట గీతలుగా చీలి, పక్షి కంటే ముందు పుల్లలే కంటికి గుచ్చుకుంటాయి. నాలుగడుగులు పక్కకు జరిగి, పక్షి మెడ వెనకాల పుల్లలకు బదులు దూరపు నీళ్లు వచ్చేలా నిలబడ్డాను. నీళ్లు ఒకే బూడిదరంగు పట్టులా పరుచుకున్నాయి. ముక్కు సంచి మీద నీలపు మచ్చలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వచ్చాయి. కాబట్టి చదువుకునే పిల్లవాడి ఫోను బల్ల మీద బోర్లా పెట్టి ఉంటే, అది అర మీటరు వెనకున్న బల్బు. మనోబలంతో దాన్ని కరిగించమని పిల్లవాణ్ణి అడగకండి. పక్క గదిలో పెట్టించండి. వీలైతే పుస్తకం ఇంకాస్త దగ్గరికి లాక్కోమనండి: చదివింది పక్కన చేత్తో రాసుకుంటూ పోతే అదే దగ్గరికి జరగడం.

మరి మీ కాగితం మీద ఏం రాయాలి? మాస్టారు తన లెన్స్‌ను పరీక్షించిన తీరు చెబుతాను. గోడకు దినపత్రిక అతికించి, కెమెరాను స్టాండు మీద బిగించేవారు. 70, 135, 200, 300 దగ్గర, ఒక్కోచోట నాలుగేసి అపెర్చర్లతో తీసేవారు. తర్వాత భూతద్దం పట్టుకుని ప్రింట్ల మధ్యలో ఒకసారి, మూలల్లో ఒకసారి అక్షరాలు చదివేవారు. ఒక పూట పని. ఆ పూట తర్వాత ఏళ్ల తరబడి ఆయనకు అనుమానం లేదు.

నేను ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని పదిహేను రోజులు రాశాను. మాట తూలిన ప్రతిసారీ సమయం, ఎదుటివారెవరు, అంతకుముందు ఏం జరిగింది అన్నవి మాత్రమే. సంజాయిషీలు రాయలేదు. "నాకు కోపం ఎక్కువ" అని ముప్ఫై ఏళ్లు అనుకున్నవాణ్ణి, పేజీలు తిరగేస్తే వేరే సంగతి బయటపడింది. పొద్దున నాకు కోపమే లేదు. పెద్దవాళ్ల ముందు లేదు. మధ్యాహ్నం రెండు దాటి, భోజనం కాక, డబ్బు మాట వచ్చినప్పుడు, నాకంటే చిన్నవాళ్ల మీద మాత్రమే ఉంది. మొత్తం లెన్స్ పాడైపోలేదు, 300 దగ్గర మూలలు సాఫ్ట్, అంతే. సంచి మూతలో మాస్టారి కాగితం లాంటిది నాకూ ఒకటుంది: "రెండు దాటాక డబ్బు మాట వద్దు. ముందు అన్నం." కుర్రాళ్ల జీతాల లెక్కలు ఇప్పుడు పొద్దున పదింటికి చూస్తాను.

ఒంటరిగా దిద్దుకోలేనివి కొన్ని ఉంటాయి. గాజు వల్ల వచ్చే రంగు చారలు ఎన్నటికీ పోవని న్యూటన్ అంతటివాడే నమ్మి, గాజును వదిలేసి అద్దంతో టెలిస్కోపు కట్టుకున్నాడు. ఆయన పోయిన కొన్నేళ్లకు, 1730లలో, చెస్టర్ మూర్ హాల్ అనే ఇంగ్లండు న్యాయవాది రెండు వేరువేరు రకాల గాజుల్ని జత చేశాడు. ఒకటి రంగుల్ని ఎటు విడదీస్తుందో, రెండోది అందుకు ఎదురు విడదీస్తుంది. జతగా రెండూ తేటపడ్డాయి. 2010లో కానన్ తెచ్చిన 70–200 ఎఫ్ 2.8 జూమ్‌లో 23 గాజులున్నాయి. వాటిలో ఏ ఒక్కటీ విడిగా మంచి ఫొటో తీయలేదు. మీరు తొందర మనిషైతే నిదానస్తుణ్ణి జత చేసుకోండి. అతని నిదానం మీకు చిరాకు పుట్టిస్తుంది. ఆ చిరాకు వచ్చిన చోటే మీ తప్పు దిద్దుబాటవుతుంటుంది.

చివరగా, కొలిచేవాళ్ల మాట. 1990 ఏప్రిల్‌లో హబుల్ టెలిస్కోపును అంతరిక్షంలోకి పంపాక నక్షత్రాలు చుక్కల్లా కాక వెలుగు మరకల్లా వచ్చాయి. గోళీయ విపథనం. 2.4 మీటర్ల అద్దాన్ని అద్భుతమైన నునుపుతో సానపట్టారు, కానీ తప్పు ఆకారంలో. అంచు ఉండాల్సినదానికంటే 2.2 మైక్రాన్లు చదునైంది. తల వెంట్రుక మందంలో యాభయ్యో వంతు. ఆకారాన్ని కొలిచే పరికరంలో ఒక లెన్స్ ఉండాల్సిన దూరానికి 1.3 మిల్లీమీటర్లు తేడాగా అమరడం కారణం. ఇందులో నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం వేరే ఉంది. అద్దం భూమ్మీద ఉండగానే మరో రెండు పరికరాలు "తేడా ఉంది" అని చూపించాయి. అవి అంత కచ్చితమైనవి కావని వాటి మాట పక్కన పెట్టేశారు. మీ భార్యో, భర్తో, మీ దగ్గర పనిచేసే కుర్రాడో మీ గురించి చెప్పే మాట మోటు కొలతే కావచ్చు. ఇద్దరు విడివిడిగా ఒకే మాట చెబితే మాత్రం, మీ సొంత పరికరాన్ని ఒకసారి విప్పి చూసుకోండి.

అద్దాన్ని కిందికి దించలేరు, మార్చలేరు. తప్పు ఎంతో అణువంత తేడా లేకుండా లెక్కకట్టారు. ఆ లెక్క తెలిసింది కాబట్టే, సరిగ్గా అంతే తప్పును తిరగేసి చేసే చిన్న అద్దాలు తయారయ్యాయి. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి వాటిని అమర్చి వచ్చారు. ఆ తర్వాత పంపిన ప్రతి కెమెరాలోనూ ఆ దిద్దుబాటు ముందే కలిపి చేశారు. 2009లో ఆ చిన్న అద్దాలున్న పెట్టెతో పని లేక కిందికి తెచ్చేశారు. ముప్ఫై ఏళ్లకు పైగా హబుల్ పంపిన ఆ చిత్రాలన్నీ ఆ అద్దం మీద పడిన వెలుగే. దాని అంచు ఇప్పటికీ 2.2 మైక్రాన్లు చదునుగానే ఉంది.